కొయ్యలో నిలిచిన పల్లె: జపాను అచ్చుబొమ్మ నుంచి బస్తరు పలక వరకు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా శిలను గురించి మాట్లాడుకుంటాం. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ, ఫణిగిరి అని తలచుకోగానే సున్నపురాతి ఫలకాలే మన కళ్లముందు నిలుస్తాయి. ఈరోజు కొయ్యను గురించి కొన్ని మాటలు చెప్పదలిచాము. శిల వేల ఏళ్లు నిలుస్తుంది. కొయ్యకు ఆ భాగ్యం లేదు. చెదలు తింటాయి, నిప్పు తింటుంది, వాన తింటుంది. ఇది తెలిసి కూడా తన ఊరిని, తన పొలాన్ని, తన నాట్యాన్ని కొయ్య మీదనే చెక్కుతూ వచ్చిన వారున్నారు. వారిలో కొందరు జపానులో ఉన్నారు. కొందరు మన గోదావరికి అవతలి ఒడ్డున, బస్తరు అడవుల్లో ఉన్నారు. వారు నిలపదలచినది ఏమిటి, అది నిలవాలంటే మనం ఏమి చేయాలి అన్నదే ఈ ప్రసంగ విషయం.

మొదట జపాను సంగతి. అక్కడ అచ్చుబొమ్మ పుట్టుకే ధర్మంతో ముడిపడి ఉంది. 8వ శతాబ్దంలో షోతొకు మహారాణి పది లక్షల చిన్న కొయ్య స్తూపాలను చేయించి, ఒక్కొక్క దానిలో అచ్చువేసిన ధారణీ మంత్రాన్ని ఉంచి, దేశంలోని మహావిహారాలకు పంచింది. ఆ పని 770 నాటికి పూర్తయింది. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన వజ్రచ్ఛేదికా సూత్రం 868లో పలకలతో అచ్చువేసినది. జేతవనంలో సుభూతికి బుద్ధుడు బోధిస్తున్న దృశ్యం దాని మొదటి పుటలో ఉంది. తల్లిదండ్రుల పేరిట ఒక కుమారుడు ఉచితంగా పంచిపెట్టడానికి అచ్చువేయించిన గ్రంథమది. ఒక పలక నుంచి ఎన్నో ప్రతులు తీయవచ్చు. ఒక దానం ఎన్నో ఇళ్లకు చేరవచ్చు. అచ్చు వేయడంలో ఉన్న తొలి పుణ్యభావన ఇదే.

ఆ పలక పని చేసే తీరు తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. మన పెడనలో టేకు దిమ్మెల మీద చెక్కి బట్టకు అద్దే అచ్చులను చూసినవారికి ఇది కష్టం కాదు. చిత్రకారుడు పలుచని కాగితం మీద బొమ్మ గీస్తాడు. ఆ కాగితాన్ని చెర్రీ కొయ్య పలక మీద బోర్లించి అతికిస్తారు. గీత ఉన్నచోట కొయ్యను వదిలి, గీత లేనిచోట తొలిచేస్తారు. ప్రతి రంగుకూ వేరొక పలక ఉంటుంది. అన్ని రంగులూ తమ తమ చోట్లనే పడడానికి పలక మూలన కెంతో అనే గాడి కోస్తారు. నీటిరంగు పూసి, కాగితం పరచి, వెదురు తొడుగు చుట్టిన బారెన్ అనే గుండ్రని బిళ్లతో వెనుకవైపు రుద్దుతారు. గీసేవాడు, చెక్కేవాడు, అద్దేవాడు, అమ్మేవాడు, ఇలా నాలుగు చేతులు కలిస్తే ఒక బొమ్మ అవుతుంది. బొమ్మ మీద ముందుగా కనిపించేది మాత్రం గీసినవాని పేరు. చెక్కినవాని పేరు వెతుక్కోవలసిందే.

20వ శతాబ్దం ఆరంభంలో ఈ పాత పద్ధతికి రెండు కొత్త దారులు పడ్డాయి. వతనాబె షోజబురో అనే ప్రచురణకర్త ఆ నాలుగు చేతుల పద్ధతినే నిలబెట్టి, కొత్త చిత్రకారులను దానిలోకి తెచ్చాడు. వారిలో అగ్రగణ్యుడు కవసె హసుయి. 1883లో పుట్టి 1957లో కన్నుమూసిన ఆయన జీవితమంతా సంచారమే. దేశం నలుమూలలా తిరిగి మంచు కప్పిన గడ్డి కప్పులను, వానలో తడిసిన వంతెనలను, చీకటి పడే వేళ ఒక కిటికీలో వెలిగే దీపాన్ని గీశాడు. 1923 నాటి మహా భూకంపంలో ఆయన ఇల్లు, గీతల పుస్తకాలు కాలిపోయాయి. వతనాబె దుకాణం, దానిలోని పలకలు కూడా బూడిదయ్యాయి. హసుయి మళ్లీ మూట కట్టుకొని ఊళ్లు పట్టి తిరిగాడు. ఉన్నది పోయింది కాని, చూసే కన్ను పోలేదు. పని ఎరిగిన చేతులు మిగిలాయి. మళ్లీ పలకలు లేచాయి.

రెండవ దారి యమమోతో కనాయెది. గీయడం, చెక్కడం, అద్దడం మూడూ ఒక్కడే చేయాలన్నది ఆ దారి సూత్రం. 1904లో ఆయన చేసిన 'జాలరి' బొమ్మను ఆ ఉద్యమానికి తొలి అడుగుగా లెక్కిస్తారు. ఆ తరువాతి కథే మన విషయానికి ముఖ్యం. ఫ్రాన్సులో చదువుకొని 1916లో రష్యా మీదుగా తిరిగి వచ్చేటప్పుడు అక్కడి రైతుల చేతిపనులను, పిల్లల బొమ్మలను ఆయన చూశాడు. 1919లో నగానో ప్రాంతంలోని కంగావ గ్రామంలో రైతు కళా ఉద్యమం మొదలుపెట్టాడు. మంచు కురిసి పొలం పని లేని నెలల్లో రైతులకు కొయ్యచెక్కడం నేర్పాడు. అంతవరకు పట్టణ చిత్రకారుడు పల్లెను గీసుకొని తీసుకుపోయేవాడు. యమమోతో ఉలిని తీసుకువెళ్లి పల్లె చేతికే ఇచ్చాడు.

ఆ స్వయంకృషి మార్గంలోనే తరువాత సైతో కియోషి, మునకత షికో ప్రసిద్ధులయ్యారు. సైతో 1907లో ఫుకుషిమాలోని ఐజు ప్రాంతంలో పుట్టాడు. తన సొంతగడ్డ శీతకాలాన్ని 'ఐజులో చలికాలం' పేరుతో ఏళ్ల తరబడి అచ్చువేశాడు. ఆ బొమ్మల్లో మంచంటే కాగితపు తెలుపే. ఇల్లంటే ఒక నల్లని ముద్ద. మనిషి అంటే గొడుగు కింద ఒక చిన్న చుక్క. పలక మీది కొయ్యనరాలు కూడా కాగితంపై పడతాయి. కమ్మరి కొడుకైన మునకతకు చూపు చాలా తక్కువ; ముఖం పలకకు ఆనించి చెక్కేవాడు. 1939లో బుద్ధుని పదిమంది మహాశిష్యులను పలకల మీద నిలిపాడు. 1956లో వెనిస్ ప్రదర్శనలో ఆయనకు అంతర్జాతీయ మహాపురస్కారం లభించింది. తన పనిని ఆయన అచ్చుబొమ్మ అనడానికి ఇష్టపడక పలకబొమ్మ అన్నాడు. కొయ్యలో ఉన్నదే బయటికి వస్తుందని, తాను దానికి దారి విడిచానని ఆయన భావం.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. అద్దిన కొద్దీ పలక అరిగిపోతుంది. గీత మొద్దుబారుతుంది. జపానులోని ఇసె మందిరాన్ని ఇరవై ఏళ్లకు ఒకసారి పూర్తిగా కొత్త కొయ్యతో కడతారు. 2013లో అలాగే కట్టారు. పాత కొయ్యను కాపాడడం కన్నా కట్టే విద్యను కాపాడడమే అక్కడి ఆనవాయితీ. శిల వస్తువును నిలుపుతుంది. కొయ్య చేతిని నిలుపుతుంది. మళ్లీ చెక్కక తప్పదు కనుక మళ్లీ నేర్పక తప్పదు. సర్వ సంస్కారాలు అనిత్యమని తథాగతుడు బోధించాడు. అప్రమత్తులై ఉండమని కూడా బోధించాడు. కొయ్యపని చేసేవారికి ఈ రెండు మాటలూ ఒకటే.

ఈ తలంపుతో బస్తరుకు వద్దాం. బస్తరు మనకు పరాయిదేశం కాదు. ఇంద్రావతి అక్కడి నుంచి ప్రవహించి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ అన్నమదేవుడు అటువైపు వెళ్లి రాజ్యం నెలకొల్పాడన్నది అక్కడి రాజవంశం చెప్పుకొన్న చరిత్ర. భోపాలపట్నం, కుంట ప్రాంతాల్లో తెలుగు నేటికీ ఇంటి మాట. దోర్లాల పలుకులో మన మాటలే వినిపిస్తాయి.

బస్తరు సాలవనాల సీమ. కుశీనగరంలో జంట సాలవృక్షాల నడుమ భగవానుడు మహాపరినిర్వాణం పొందాడని మనం ప్రతి వైశాఖ పూర్ణిమకూ చెప్పుకొంటాం. ఆ చెట్టును చూడాలనుకునేవారు బస్తరుకు వెళితే చాలు. యోజనాల కొద్దీ అదే అడవి. ఆ అడవి నడుమ భోంగాపాల్ అనే గ్రామం ఉంది. అక్కడ సుమారు 5, 6 శతాబ్దాల నాటి ఇటుక చైత్యం శిథిలాలు, పద్మాసనంలో కూర్చున్న బుద్ధుని పెద్ద శిలా విగ్రహం ఉన్నాయి. చైత్యం కూలింది, భిక్షువుల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా చుట్టుపక్కల ఆదివాసులు ఆ మూర్తిని తమ దేవుళ్లలో ఒకరిగా కొలుస్తూ వచ్చారు. శాసనం కాపాడలేనిదాన్ని, గ్రంథం కాపాడలేనిదాన్ని ఒక పల్లె తనకు తోచిన పేరుతో, తనకు తెలిసిన పూజతో కాపాడింది. మన సంఘం బస్తరుకు రుణపడి ఉన్నదంటే మొదటి కారణం ఇదే.

ఆ పల్లెల్లో కొయ్య లేని బ్రతుకు లేదు. మురియాల యువజన గృహమైన ఘోటుల్‌లో స్తంభాలకు, తలుపులకు చెక్కడపు పని ఉండేది. యువకుడు తాను ఇష్టపడిన యువతికి స్వయంగా చెక్కిన దువ్వెన ఇచ్చేవాడు. పొగాకు డబ్బీ చెక్కేవాడు, గొడ్డలి పిడి చెక్కేవాడు. మారియాలు చనిపోయినవారి కోసం కొయ్యస్తంభం నిలిపి, దాని మీద ఆ మనిషి జీవితాన్ని, నాగలిని, వేటను, నాట్యాన్ని బొమ్మలుగా చెక్కేవారు. ఆంగా దేవుడంటేనే మనుషులు భుజాన మోసే దుంగల మూర్తి. జగదల్‌పూర్ దసరా 75 రోజుల పండుగ; దానికి కొయ్యరథాన్ని ప్రతి సంవత్సరం కొత్తగా చేస్తారు. వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల మీద, 1951లో మధ్య భారత ఆదివాసుల కళ మీద వెలువరించిన గ్రంథాల్లో ఇటువంటి వస్తువుల వివరాలు విస్తారంగా ఉన్నాయి. అవి ఎవరో కొనడానికి చేసినవి కావు. ప్రేమకు, మరణానికి, దేవునికి చేసినవి.

ఈ సంప్రదాయం నుంచి వచ్చిన శిల్పి పండీరామ్ మండావి. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ ఆయన ఊరు. మురియా గోండు కుటుంబం. పన్నెండేళ్ల వయసులో పెద్దల వద్ద పని నేర్చుకొని, అయిదు దశాబ్దాలకు పైగా కొయ్యను చెక్కుతున్నారు. ఆయన పని అనేక దేశాల్లో ప్రదర్శించబడింది. వెయ్యిమందికి పైగా చేతివృత్తివారికి ఆయన శిక్షణ ఇచ్చారు. 2025లో, 68 ఏళ్ల వయసులో, ఆయనకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. అదే ఊరికి చెందిన బేల్గూర్ మండావి కాగితం మీద రంగులతో మురియా జీవితాన్ని చిత్రించి పేరు పొందారు. ఒక చిన్న ఊరు ఇద్దరు కళాకారులను దేశానికి ఇచ్చింది.

బస్తరు కొయ్యపలకను హసుయి బొమ్మ పక్కన ఉంచి చూస్తే భేదం తెలుస్తుంది. హసుయి పల్లె దూరం నుంచి కనిపిస్తుంది. ఒక బాటసారి ఆగి చూసిన చూపు అది. మంచు, వాన, వెన్నెల అక్కడ ప్రధానం. మనిషి ఒక్కడే నడుస్తుంటాడు. బస్తరు పలకలో ఆకాశం ఉండదు, దూరం ఉండదు. మనుషులు భుజం భుజం ఆనించి పలక నిండా నిలుస్తారు. డోలు, నాగలి, జింక, చెట్టు, దేవుడు అందరూ ఒకే ఎత్తులో ఒకే వరుసలో ఉంటారు. ఎవరూ ఎవరికీ వెనుక లేరు. ఊరిని బయట నిలబడి చూసినవాడు దృశ్యం చెక్కుతాడు. ఊరిలో ఉన్నవాడు బంధుత్వం చెక్కుతాడు. జపానులో అచ్చుకు పలక సాధనం మాత్రమే. బొమ్మ కాగితం మీదికి వెళ్లిపోతుంది. బస్తరులో పలకే బొమ్మ. దానికి రెండవ ప్రతి లేదు. మరొకటి కావాలంటే మళ్లీ ఆ చేయి చెక్కాలి.

పండీరామ్ గారికి ప్రసిద్ధి తెచ్చిన మరొక వస్తువును గురించి ఈ సభలో ప్రత్యేకంగా చెప్పాలి. దానిని సులూర్ అంటారు. బస్తరు వేణువు అని కూడా పిలుస్తారు. వెదురు గొట్టం మీద కాల్చిన ఇనుముతో చేపలను, ఆకులను, గీతలను వాతలు పెట్టి అలంకరిస్తారు. దీనిని పెదవికి ఆనించి ఊదరు. చేత్తో పట్టుకొని గాలిలో తిప్పితే, లోపలికి దూసుకుపోయే గాలికే అది మ్రోగుతుంది. నాట్యంలో మ్రోగుతుంది, రాత్రివేళ అడవిదారిన నడిచేవాని చేతిలో మ్రోగుతుంది. ఆ శబ్దానికి మృగాలు తప్పుకొని పోతాయని అక్కడివారు చెబుతారు. మృగం చావదు, మనిషి చావడు. ఇద్దరికీ దారి మిగులుతుంది. మురియాలకు ఘోటుల్‌ను ఇచ్చిన లింగో దేవుడు పద్దెనిమిది వాద్యాలు వాయించినవాడని వారి గాథ. ఆయుధం బదులు నాదాన్ని చేతబట్టి అడవిలో నడిచిన ఈ సంస్కారాన్ని అహింసా ధర్మం చెప్పుకొనే మనం ఎంత గౌరవించినా తక్కువే.

ఇప్పుడు చెప్పబోయేది సంతోషకరమైన మాట కాదు. ఇదే గఢ్‌బెంగాల్ ఊరిని ప్రపంచం అంతకుముందే ఒకసారి చూసింది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ బస్తరులో తీసిన చిత్రం 1957లో విడుదలయింది. ఆంగ్లంలో దాని పేరు 'వేణువు, బాణం' అనే అర్థమిస్తుంది. దానిలో వన్యమృగాలతో ఆడుకునే బాలుడు ఆ ఊరి చెంద్రు మండావి. ఆ పిల్లవాడిని స్వీడన్‌కు కూడా తీసుకువెళ్లారు. ప్రేక్షకులు మురిసిపోయారు. తరువాత అతడు ఊరికి తిరిగి వచ్చాడు. చిత్రం మాత్రం దేశాలు తిరుగుతూనే ఉంది. చెంద్రు పేదరికంలోనే జీవించి 2013లో కన్నుమూశాడు. బొమ్మ నిలిచింది, బొమ్మలోని మనిషికి ఏమయిందని అడిగినవారు తక్కువ. గ్రామ సౌందర్యాన్ని ఆరాధించే ప్రతి కళాభిమాని ఈ కథను గుర్తుంచుకోవాలి.

మనకూ ఇటువంటి అనుభవం ఉంది. నాగార్జునసాగర్ నిర్మాణంతో విజయపురి లోయ నీట మునిగింది. శిల్పాలను, కట్టడాలను జాగ్రత్తగా తరలించి కొండ మీద ప్రదర్శనశాలలో, ఒడ్డున అనుపులో నిలిపారు, అది సత్కార్యమే. ఆ లోయలోని పల్లెల సంగతిని మన సంచికలు ఎన్నిసార్లు తలచుకొన్నాయి? శిలను తరలించవచ్చు. ఒక ఊరి పొలాన్ని, చెరువును, ఇరుగుపొరుగును విడదీసి మరొకచోట అతికించడం అంత తేలిక కాదు.

బస్తరులో ఇప్పుడు జరుగుతున్నది అదే. చాలా ఊళ్లలో ఘోటుల్ మూతపడింది. ఏళ్ల తరబడి సాగిన హింసకు తట్టుకోలేక వేలాదిమంది గోండులు గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల అంచున గుడిసెలు వేసుకొన్నారు. వారిని మనం గుత్తికోయలంటాం. ఏటా మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస కూలీలు ట్రాక్టర్ల మీద, జీపుల్లో మన పొలాలకు వస్తారు. ఘాటుకు కళ్లు మండుతుండగా మన కాయలు కోసి వెళతారు. మన ఇంటి ముందుగదిలో బస్తరు పలక ఉండవచ్చు. దాని మీద వరుసగా నాట్యం చేసే స్త్రీలు ఉండవచ్చు. ఆ స్త్రీల మనవరాలు మన పొలంలో వంగి పని చేస్తున్నప్పుడు మనం ఆమెను గుర్తుపట్టగలమా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఆ పలకను మెచ్చుకోవడం మాకు సబబుగా తోచదు.

ఏమి చేయగలమని మీరు అడగవచ్చు. పెద్ద పనులు ప్రభుత్వాలవి. మన చేతిలోనివి కొన్ని ఉన్నాయి. బస్తరు కొయ్యవస్తువు కొనేటప్పుడు చెక్కినవాని పేరు అడుగుదాం. పేరు లేకుండా అమ్మే ఆచారం కొంతైనా తగ్గుతుంది. బేరమాడేటప్పుడు అది ఎన్ని రోజుల పని అన్నది లెక్క వేద్దాం. మన విహారాలకు కొయ్యపని కావలసినప్పుడు యంత్రంతో కోసిన పలక తెప్పించే బదులు ఆ శిల్పులను పిలిచి, ఇక్కడి పిల్లలను వారి పక్కన కూర్చోబెడదాం. యమమోతో రైతులకు నేర్పడానికి వెళ్లాడు; మనం నేర్చుకోవడానికి వెళదాం. భోంగాపాల్ యాత్రకు వెళ్లే మిత్రులు ఆ మూర్తిని చూసి వెనుదిరగక, దానిని ఇన్నాళ్లు కాపాడిన ఊరివారికి నమస్కరించి రండి. వారి పూజను సరిదిద్దడానికి ప్రయత్నించకండి. మిరప కోతకు వచ్చిన కుటుంబానికి నీడ, నీరు, న్యాయమైన కూలి, పిల్లలకు నాలుగు అక్షరాలు అందేలా మన మన గ్రామాల్లో చూడండి. కరుణ అన్న మాటకు ఇంతకన్న దగ్గర అర్థం మాకు తెలియదు.

హసుయి పలకలు కాలిపోతే ఆయన మళ్లీ నడిచాడు. నడవడానికి ఊళ్లు ఉన్నాయి. బస్తరు స్తంభం చెదపడితే మరొక స్తంభం నిలుపుతారు. నిలపడానికి ఊరు ఉండాలి. కొయ్య పోవడం ధర్మమే, దానికి దుఃఖించనక్కరలేదు. చెక్కే చేయి, చెక్కడానికి కారణమైన బ్రతుకు పోతే మాత్రం అది మన ప్రమాదం వల్ల జరిగినదే అవుతుంది.

 సర్వ ప్రాణులకు మంగళమగుగాక.